కొంగున కట్టుకున్న అతిమధురం: ఒక పొడి దగ్గు కేసు

ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకున్నారు. "నా పేరు లేకుంటే చాలు డాక్టరమ్మా, మిగతాది రాసుకో" అన్నారు. అందుకే పేరు, ఊరు చెప్పడం లేదు, ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. బీపీ, రక్త పరీక్షల అంకెలు మాత్రం నా రిజిస్టర్‌లో రాసుకున్నవే. నేను కడపలో ఆయుర్వేద వైద్యం చేస్తాను. వంటింటి మందుల మీద నాకు నమ్మకం ఉంది, ఈ కేసు తర్వాత కూడా ఉంది. అయితే వాటి గురించి రోగిని అడిగే పద్ధతి పూర్తిగా మారిపోయింది.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. ఇంట్లోనే కారప్పొడి, ధనియాల పొడి, చెనిక్కాయల పొడి చేసి అమ్ముతారు. కొత్త మిరపకాయలు, మైదుకూరు వైపు పసుపు కొమ్ములు దిగే కాలంలో ఆ ఇంట్లో అడుగుపెడితే ఎవరికైనా తుమ్ములే. షుగర్ లేదు, ఆస్తమా లేదు, ఇంట్లో బీడీ సిగరెట్ తాగేవాళ్లు లేరు. సంక్రాంతి తర్వాత తలనొప్పి వస్తోందని చూపించుకుంటే బీపీ 160/96 ఉంది. ఫిజీషియన్ రామిప్రిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టారు.

ఆ మాత్ర పేరు నాకు తెలిసింది జూన్‌లో. ఏప్రిల్‌లో ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నా కేస్ షీట్‌లో "బీపీ మాత్ర, రోజూ ఒకటి" అని మాత్రమే రాసుకున్నాను. ఏ మాత్ర, ఎప్పటి నుంచి అని అడగలేదు. రెండు నెలలు దారి తప్పింది అక్కడే.

వచ్చిన సమస్య

ఫిబ్రవరి చివర్లో దగ్గు మొదలైంది. కళ్లె పడదు, జ్వరం లేదు, ఆయాసం లేదు. గొంతులో వెంట్రుక అడ్డం పడ్డట్టు గరగర, ఆ వెంటనే దగ్గు. "రాత్రంతా దగ్గుతాండా. మా ఆయన చాప తీసుకొని మిద్దె మీదికి పోయి పండుకుంటాండాడు" అన్నారు.

నా దగ్గరికి వచ్చేలోపు ఇంట్లో చేయనిది లేదు. మిరియాలు, శొంఠి దంచి కషాయం, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. పసుపు వేసిన పాలు. తులసాకుల రసంలో తేనె. వాము గుడ్డలో కట్టి వాసన చూడటం. ఆమె చెప్తుంటే నాకు ముచ్చటేసింది కూడా, ఎందుకంటే ఒక్కోదానికి వెనక కారణం ఉంది. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులోని జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, ఘాటు ఎక్కువవుతుంది. ఆ ఘాటుకు బిగుసుకున్న గొంతు కాస్త వదులైనట్టు అనిపిస్తుంది. జలుబుతో వచ్చే మామూలు దగ్గు అయితే ఇవి వాడినా వాడకపోయినా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, వాడితే ఆ వారం కొంచెం సుఖంగా గడుస్తుంది. ఏడు వారాలైనా తగ్గలేదంటే అది మామూలు దగ్గు కాదు.

మొదట చేసింది

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా ముందు టీబీ లేదని తేల్చుకోవాలి. ఆయుర్వేదమైనా అల్లోపతి అయినా దీనికి మినహాయింపు లేదు. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్షకు పంపాను, ఛాతీ ఎక్స్‌రే తీయించాను. కళ్లె సరిగ్గా రాకపోయినా ఇచ్చినంతలో టీబీ క్రిములు కనపడలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది.

మిగిలింది కారం దుమ్ము. ఆమె పని అదే, దగ్గు మొదలైంది కారం పట్టించే కాలంలోనే. రెండూ అంత చక్కగా కలిసేసరికి ఇంకో కారణం వెతకాలన్న ఆలోచనే నాకు రాలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను, మూడు వారాలు దంచే పని కోడలికి అప్పగించమన్నాను. అడ్డసరం ఆకు కషాయం ఇచ్చాను. తాలీసాది చూర్ణం మూడు గ్రాములు, అతిమధురం చూర్ణం ఒక గ్రాము కలిపి తేనెతో రోజుకు రెండుసార్లు నాకమన్నాను.

అతిమధురం ఎందుకంటే, పొడి దగ్గును మేం వాతం వల్ల వచ్చే దగ్గు అంటాం. ఎండిన గొంతుకు తీపి, జిగట ఉన్న మందు కావాలి. చరక సంహితలో గొంతుకు మేలు చేసే పది మూలికల వరుసలో అతిమధురం ఉంది. ఎంపికలో తప్పు లేదు. అయితే ఆమె అప్పటికే అతిమధురం వాడుతున్నారా అని నేను అడగలేదు.

అడ్డసరం గురించి మాత్రం ఇప్పుడు ఆలోచిస్తే అది తొందరపాటే. అందులోని వాసిసిన్ ఆధారంగానే దగ్గు సిరప్‌లలో వేసే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఆ మందు పని గట్టిపడిన కళ్లెను పలచన చేయడం. ఈమెకు అసలు కళ్లే లేదు.

మూడు వారాల తర్వాత వచ్చారు. దంచే పని పూర్తిగా మానేశారు. దగ్గు పిసరంత కూడా తగ్గలేదు. దుమ్ము కారణమైతే ఈపాటికి ఎంతో కొంత తేడా ఉండాలి.

రెండో ఆలోచన

ఈసారి ఇంకాస్త తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే గుండెల్లో మంట సంగతి బయటపడింది. మిరియాల కషాయం రెండుసార్లు కాస్తా నాలుగుసార్లు అయింది. పడుకునే ముందు ఒక గ్లాసు తప్పనిసరి. తాగి వెంటనే పడుకుంటే పులితేన్పులు, మంట. కడుపులోని పులుపు గొంతుదాకా ఎగదన్నినా పొడి దగ్గు వస్తుంది, అదీ రాత్రిపూట ఎక్కువ. దగ్గుకు మందని తాగేదే దగ్గుకు కారణం అయి ఉండొచ్చు అనిపించింది.

మిరియాలు, శొంఠి మొత్తం ఆపించాను. రాత్రి ఎనిమిదిలోపు భోజనం, తలవైపు మంచం కాళ్ల కింద ఇటుకలు, ధనియాలు నానబెట్టిన నీళ్లు. పది రోజుల్లో మంట పోయింది. దగ్గు పోలేదు.

అంటే ఆమెకు రెండు బాధలున్నాయి, ఒకటి తగ్గింది. ఇది ఎదురుదెబ్బే అయినా పనికొచ్చిన దెబ్బ. దుమ్ము కాదు, పులితేన్పులు కాదు, ఊపిరితిత్తుల్లో మచ్చ లేదు. ఆ రోజే "ఈ దగ్గుకు ముందు ఆమె జీవితంలో కొత్తగా వచ్చింది ఏమిటి" అని అడిగి ఉంటే జవాబు దొరికేది. నేను అడిగింది మాత్రం "ఇంకేమన్నా తింటున్నారా" అని. "ఏం తింటా డాక్టరమ్మా, సంగటే" అన్నారు.

జూన్‌లో ఏం జరిగింది

జూన్ రెండో వారంలో కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకున్నారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, తొడల్లో సత్తువ లేదు, కింద కూర్చుంటే లేవలేకపోతున్నారు. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ 168/98.

మధ్యలో ఫిజీషియన్‌కు కూడా చూపించుకున్నారు. బీపీ తగ్గకపోగా పెరుగుతోందని ఆయన మాత్ర రెట్టింపు చేసి, నీరు లాగే మాత్ర ఒకటి జత చేశారట. ఆ మాట వినగానే చీటీలు, మాత్రలు అన్నీ బయట పెట్టమన్నాను. రామిప్రిల్ 10 మిల్లీగ్రాములు. హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు.

రామిప్రిల్ పేరు చదవగానే దగ్గు సంగతి సగం తేలిపోయింది. ఈ తరగతి బీపీ మందులు అడ్డుకునే ఎంజైమే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొట్టాలి. ఆ పని ఆగిపోతే బ్రాడీకైనిన్ శ్వాసనాళాల్లో పేరుకొని గొంతును గిలిపెడుతుంది. కళ్లె లేని, గరగరమనే దగ్గు వస్తుంది. ఇది ఆడవాళ్లలో ఎక్కువ. మాత్ర మొదలైన మర్నాడే రావొచ్చు, నెలల తర్వాతైనా రావొచ్చు. మంచి మందే, లక్షల మంది గుండెను కాపాడుతోంది. కొందరికి దగ్గు తెస్తుంది, అంతే.

కానీ వాపు? కాళ్లలో సత్తువ పోవడం? మాత్ర పెంచాక కూడా బీపీ ఎక్కడం? రామిప్రిల్‌తో ఇవేవీ పొసగవు.

ఆ మాట ఆలోచిస్తూ ఆమె వైపు చూస్తే, మాట్లాడుతూనే కొంగు ముడి విప్పి ఒక పుల్ల తీసి నోట్లో పెట్టుకున్నారు. చిటికెన వేలంత లావు. ఒక చివర నమిలి నమిలి పసుపుపచ్చని పీచు కుచ్చులా విడిపోయి ఉంది. పైన గోధుమరంగు బెరడు, లోపల లేత పసుపు. మా టేబుల్ దాకా ఆ తియ్యటి మట్టి వాసన వచ్చింది.

"ఇది ఎప్పటి నుంచి అక్కా?"

"ఇదా? ఇది మందు కాదు గదా డాక్టరమ్మా. గొంతు తడి ఆరకుండా మూలికల అంగడాయన ఇచ్చినాడు. మార్చి నుంచి నములుతాండా. దీనివల్లే ఈమాత్రం నిలబడినా."

కొడుకు అందుకొని, ఇంట్లో అతిమధురం పొడి కూడా ఉందని, మిరియాలు ఆపమన్నప్పటి నుంచి ఆ కషాయం బదులు దీని కషాయం కాస్తున్నారని చెప్పాడు. అంటే ఒక తప్పు సరిదిద్దే తొందరలో ఇంకోదాన్ని నేనే పెంచాను.

లెక్క

మందులు తూచే త్రాసు మీద లెక్కేశాను. రోజూ ఆమె నమిలే పుల్లలు దాదాపు ఐదు గ్రాములు. కషాయంలో వేసే చెంచా పొడి నాలుగు గ్రాములు. నేనిచ్చిన చూర్ణంలో రెండు. మొత్తం పదకొండు గ్రాములు, కొంత భాగం మూడు నెలలుగా. ఆయుర్వేద ఫార్మకోపియాలో అతిమధురం పొడి మోతాదు రోజుకు 2 నుంచి 4 గ్రాములు.

అతిమధురానికి ఆ తీపి ఇచ్చేది గ్లైసిరైజిన్. వేరులో అది ఎంతుంటుందన్నది నేలను బట్టి, కోతను బట్టి మారుతుంది. నాలుగు శాతమే అనుకున్నా పదకొండు గ్రాముల్లో 440 మిల్లీగ్రాములు. నమిలి ఊసిన పీచులో కొంత పోతుంది కాబట్టి సగమే ఒంట్లోకి చేరిందనుకుందాం, అయినా 220. పెద్దవాళ్లలో చాలామందికి రోజుకు 100 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది ఉండదన్నది అంతర్జాతీయంగా నిపుణులు పెట్టుకున్న గీత. బీపీ ఉన్నవాళ్లకు ఆ గీత కూడా భరోసా కాదు.

ఒంట్లో అది చేసే పని ఇది. మన రక్తంలోని కార్టిసాల్ అనే హార్మోన్ మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచే తాళాన్ని తెరవగలదు. తెరవకుండా అక్కడ ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది, కార్టిసాల్ వచ్చీ రాగానే దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అతిమధురం ఆ కాపలాను పడుకోబెడుతుంది. ఇక ఉప్పు, నీరు ఒంట్లోనే నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. బీపీ ఎక్కుతుంది, కాళ్లు వాస్తాయి, కండరాలు సడలుతాయి. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1946లోనే నెదర్లాండ్స్‌లో రెవెర్స్ అనే వైద్యుడు కడుపు పుండుకు అతిమధురం సారం ఇస్తే రోగుల ముఖం, కాళ్లు వాస్తున్నాయని రాశారు. నేను చదువుకున్నదే. పరీక్షలో రాసినదే. ఎదురుగా మనిషి పుల్ల నములుతున్నప్పుడు దాన్ని ఆ పాఠంతో కలపడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు మొత్తం గొలుసు కనపడింది. రామిప్రిల్ వల్ల దగ్గు. దగ్గుకు అతిమధురం. అతిమధురం వల్ల బీపీ. బీపీకి ఇంకాస్త రామిప్రిల్, పైన నీరు లాగే మాత్ర. రామిప్రిల్‌కు పొటాషియం నిలబెట్టే గుణం ఉంది కాబట్టి అన్నాళ్లూ నష్టం పైకి తేలలేదు. పొటాషియం లాగేసే రెండో మాత్ర వచ్చి చేరాక ఒక్కసారిగా కాళ్లు పడిపోయాయి.

ఏం చేశాం, ఏ వరుసలో

ఆ సాయంత్రమే పొటాషియం, క్రియాటినిన్, ఈసీజీ చేయించాను. పొటాషియం 2.9. ఉండాల్సింది 3.5కు పైన. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుంది. ఈసీజీలో పొటాషియం తగ్గినప్పుడు కనపడే చిన్న మార్పు ఉంది. "టెంకాయ నీళ్లు తాగితే సరిపోదా?" అని కొడుకు అడిగాడు. గుండె గీతలో తేడా కనపడ్డాక తిండితో సర్దుకునే సమయం ఉండదు, ఆ అంకెతో గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందని చెప్పి అప్పుడే ఫిజీషియన్‌కు ఫోన్ చేశాను. నేనిచ్చిన చూర్ణంలో కూడా అతిమధురం ఉందని ముందే చెప్పేశాను. దాచిపెడితే ఆయన లెక్క తప్పుతుంది. ఆయన ఏమీ అనలేదు, "పుల్ల సంగతి నేనూ అడగలేదు మేడమ్" అన్నారు. ఆ రాత్రికి ఆమెను తన ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఆమెకేమో ఒకటే కోపం. బీపీ మాత్రలు రెండూ చెత్తబుట్టలో వేస్తానంటారు. అన్నీ ఒకేసారి ఆపేస్తే బీపీ ఇంకెక్కడికి పోతుందో తెలియదు, పైగా దేనివల్ల ఏం తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఫిజీషియన్, నేను మాట్లాడుకొని ఒక వరుస పెట్టుకున్నాం. అతిమధురం ఏ రూపంలో ఉన్నా ఇవాళే బంద్. నీరు లాగే మాత్ర కూడా ఇవాళే బంద్. పొటాషియం సిరప్ నీళ్లలో కలిపి. రామిప్రిల్ మాత్రం ప్రస్తుతానికి ఉంచాలి, ఎందుకంటే పొటాషియాన్ని నిలబెట్టేది అదొక్కటే. దగ్గు ఇంకో రెండు వారాలు భరించాలి. ఆ మాట ఒప్పించడానికి మందులన్నిటి కంటే ఎక్కువ సమయం పట్టింది.

ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ సొంతంగా ఎక్కువైనా ఇవే లక్షణాలు వస్తాయి. ఆ పరీక్షలు చేయాలా అని ఫిజీషియన్ ఆలోచించారు. అతిమధురం రూపంలో ఇంత స్పష్టమైన కారణం చేతిలో ఉన్నప్పుడు దాన్ని ఆపి చూద్దాం, నెలకు కూడా సర్దుకోకపోతే అప్పుడు చేద్దాం అనుకున్నాం.

ఆరో రోజుకు పొటాషియం 3.8. సిరప్ ఆపేశారు. ఇక్కడ తొందర ఎందుకంటే, రామిప్రిల్ వాడుతున్న మనిషికి అతిమధురం ప్రభావం దిగిపోయేకొద్దీ పొటాషియం అటు వైపు ఎక్కువైపోయే భయం ఉంది. అతిమధురం ఆపిన మర్నాడే అంతా కుదురుకోదు, ఎంజైమ్ మళ్లీ మామూలుగా పనిచేయడానికి రెండు వారాలో ఇంకా ఎక్కువో పడుతుంది. అందుకని వారం వారం రక్తపరీక్ష పెట్టుకున్నాం.

పద్నాలుగో రోజు బీపీ 142/88. వాపు పోయింది, బరువు మూడు కిలోలు తగ్గింది, అదంతా నీరే. మెట్లు తనే ఎక్కి వచ్చారు. దగ్గు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. అతిమధురానికి, దగ్గుకు సంబంధం లేదని, అది తగ్గించనూ లేదు పెంచనూ లేదని అప్పుడు గట్టిగా తేలింది. ఆ రోజే ఫిజీషియన్ రామిప్రిల్ తీసేసి టెల్మిసార్టాన్ అనే వేరే తరగతి బీపీ మాత్ర 40 మిల్లీగ్రాములు రాశారు. అది బ్రాడీకైనిన్ జోలికి పోదు.

ఈ దగ్గు మాత్ర మార్చిన మర్నాడే పోదని, నాలుగు వారాలు పట్టొచ్చని, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని ముందే చెప్పి పంపాను. మూడో వారంలో ఫోన్ చేశారు. "నిన్న రాత్రి మా ఆయన కిందికొచ్చి పండుకున్నాడు డాక్టరమ్మా." ఐదో వారానికి దగ్గు లేదు. పొటాషియం 4.3, బీపీ 132/82.

నాకు మిగిలినవి

చరక సంహితలో, విమానస్థానం మొదటి అధ్యాయంలో, పిప్పళ్లు, క్షారం, ఉప్పు ఈ మూడూ అతిగా వాడొద్దని ఉంది. పిప్పళ్లు దగ్గుకు మంచి మందు, గొంతుకు మేలు చేసే ఆ పదింటిలో అవీ ఉన్నాయి. మేలు చేసేదాన్ని గురించే ఎక్కువ రోజులు వద్దని పెద్దలు విడిగా చెప్పారు. ఆ జాగ్రత్త అతిమధురానికి కూడా వర్తింపజేయాల్సింది నేను. వంటింట్లోది కాబట్టి దానికి మోతాదు ఉండదు అన్న మాట మన శాస్త్రంలో ఎక్కడా లేదు, అది మనం అలవాటు చేసుకున్న మాట.

ఇప్పుడు నేను "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగి ఊరుకోను. ఆ ప్రశ్నకు జనం మాత్రలే చెప్తారు. "గొంతుకు ఏం నములుతారు, టీలో ఏం వేస్తారు, పడుకునే ముందు ఏం తాగుతారు, పక్కింటివాళ్లు ఏం ఇచ్చారు" అని విడివిడిగా అడుగుతాను. ప్రతి మాత్రకు పేరు, మొదలైన తేదీ రాసుకుంటాను. పొడులు, పుల్లలు సంచిలో వేసుకొని తెమ్మంటాను. ఒక్కో మనిషికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. బయట వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, నిజమే.

ఇది చదివి బీపీ మాత్ర ఆపేసేవాళ్లు ఉంటారేమోనని నాకు భయం. మీకు దగ్గు ఉండి మీ మాత్ర పేరు చివర "ప్రిల్" అని ఉంటే ఆపకండి, రాసిన డాక్టర్‌కు ఆ మాట చెప్పండి. దానికి బదులు మందు ఉంది, ఆయన మారుస్తారు.

చివరిసారి ఆమె ఆగస్టులో వచ్చారు. సంచిలోంచి ఒక పొట్లం తీశారు. ఆమె అమ్మే కషాయం పొడి. తనకు పనిచేసిందనుకొని ఎండాకాలమంతా అందులో అతిమధురం కలిపి అమ్మారట, ఆ సంగతి నిద్ర పట్టనివ్వడం లేదట. కొన్నవాళ్లలో తెలిసిన ఇళ్లకు కోడల్ని పంపి చెప్పించారు. ఇప్పుడు అతిమధురం తీసేసి ధనియాలు, జీలకర్ర, శొంఠి, కాసిన్ని మిరియాలతో చేస్తున్నారు.

"పొట్లంలో చీటీ పెడతా, ఏం రాయాలో చెప్పు" అన్నారు. ఇద్దరం కూర్చొని రాశాం. ఏమేం కలిపిందీ అన్నీ పేర్లతో సహా. రోజుకు ఒక చెంచా, భోజనం అయ్యాకే. ఐదు రోజులు వాడండి. గుండెలో మంట వస్తే ఆపండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ఇది వద్దు, ఆసుపత్రికి పోయి కళ్లె పరీక్ష చేయించుకోండి. ఆఖరి వాక్యం ఆమే చెప్పి రాయించారు: డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఈ చీటీ కూడా తీసుకుపొండి.